పద్నాలుగేళ్ల సెడాన్ కొన్నాను, మరమ్మతుల పట్టీ కారు ధరలో మూడింట రెండు వంతులు. ఏది ముందు చేయించాలి?

తెల్లసెడాన్
మూడు నెలల క్రితం పద్నాలుగేళ్ల పెట్రోలు సెడాన్ కొన్నాను. మీటరులో 1,62,000 కిలోమీటర్లు. మాన్యువల్ గేర్లు. నేను మూడో యజమానిని, సర్వీసు పుస్తకం లేదు. కొనేముందు నడిపి చూస్తే ఇంజిన్ మెత్తగా తిరిగింది, గేర్లు చక్కగా పడ్డాయి. ఇంట్లో అందరికీ నచ్చింది.

నిన్న ఆయిల్ మార్పించడానికి ఇస్తే సాయంత్రానికి గ్యారేజీవారు ఒక పట్టీ చేతికిచ్చారు. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, రెండు ఇంజిన్ మౌంటింగులు, ముందు లోయర్ ఆర్ములు, లింకు రాడ్లు, నాలుగు షాకబ్జార్బర్లు, ఎడమ యాక్సిల్, ఏసీ కంప్రెసర్, బ్యాటరీ. మొత్తం కలిపితే కారుకు పెట్టిన డబ్బులో మూడింట రెండు వంతులు. అంత సొమ్ము ఇప్పుడు నా దగ్గర లేదు. అన్నీ ఒకేసారి చేయించుకుంటేనే మంచిదని వాళ్ల మాట.

నాకు తెలిసిన ఇబ్బందులు మూడే. చిన్న గతుకుల మీద ముందు చక్రాల దగ్గర టకటక. ట్రాఫిక్‌లో ఆగితే ఏసీ చల్లదనం పోతుంది, బండి కదిలితే మళ్లీ వస్తుంది. స్టీరింగు కుడివైపుకు పూర్తిగా తిప్పి కదిలిస్తే కటకటమని చప్పుడు. మిగిలినవన్నీ నిజంగా పాడయ్యాయా? అసలు ఈ కారు ఉంచుకోవాలా, అమ్మేయాలా? రాత్రి నిద్ర పట్టలేదు.

లెక్కలమనిషి
అమ్మేయండి. కారు విలువలో సగం దాటిన మరమ్మతు చేయించకూడదన్నది నా నియమం. పద్నాలుగేళ్ల బండిలో ఈ పట్టీ పూర్తయ్యేసరికి ఇంకో పట్టీ తయారవుతుంది.

నిదానం
లెక్కలమనిషి గారూ, ఆ నియమం నేనూ ఒకప్పుడు పాటించాను. నష్టపోయాను. పాత సెడాన్‌ను మరమ్మతు భయంతో చవకగా ఇచ్చేసి, ఇంకాస్త డబ్బు వేసి ఎనిమిదేళ్ల బండి కొన్నాను. నాలుగు నెలల్లో దాని క్లచ్ జారడం మొదలైంది. అమ్మేసిన బండిలో ఏమేమి పాడయ్యాయో నాకు అణువణువూ తెలుసు. కొన్న బండి గురించి ఏమీ తెలియదు. ఆ తెలియనితనానికి కూడా ఖరీదు ఉంటుందని అప్పుడే అర్థమైంది.

మరమ్మతు ఖర్చును కారు ధరతో పోల్చడం తప్పు పోలిక అని నా అభిప్రాయం. ఇంకో కారు కొనడానికి అదనంగా ఎంత పెట్టాలో, దానికీ మొదటి ఏడాది ఎంత ఖర్చవుతుందో కూడి, దానితో పోల్చండి.

తుప్పుపట్టి
ఆ లెక్కలన్నిటికంటే ముందు బండి కింద పడుకుని చూడండి. జాకీ పెట్టే చోట్లు, లోయర్ ఆర్ములు బిగించే చోట్లు, వెనుక స్ప్రింగులు కూర్చునే గిన్నెలు. స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే గట్టి శబ్దం రావాలి. పొట్టులాగా రాలినా, మొన దిగబడినా ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకుండా అమ్మేయండి. ఇంజిన్ విప్పి బాగుచేయవచ్చు, గేరుబాక్సు మార్చవచ్చు. బాడీ తుప్పు పడితే ఎంత పోసినా మిగలదు. నా మొదటి కారుకు ఇంజిన్ పని అంతా చేయించిన నెలకు కింది పలక చేతికి ఊడివచ్చింది. ఆ బాధ ఇంకా పోలేదు.

గ్రీజుచేతులు
ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. ముందు మీ గ్యారేజీవారి పక్షాన ఒక మాట. పాత బండి మా దగ్గరికి వచ్చినప్పుడు కనిపించినదంతా రాసి ఇస్తాం. ఒకటి వదిలేస్తే, అది రేపు దారిలో ఆగిపోతే, "మొన్ననే చూశారుగా, ఎందుకు చెప్పలేదు" అని మమ్మల్నే అడుగుతారు. అందుకని పట్టీ పొడుగ్గా ఉన్నంత మాత్రాన మోసం అనుకోవద్దు. అయితే పట్టీలో వరుస ఉండాలి. ఏది ఈ వారం, ఏది ఈ ఏడాది, ఏది వీలున్నప్పుడు అని విడదీసి ఇవ్వని పట్టీ సగం పని మాత్రమే.

నేను వరుస వేసే పద్ధతి చెబుతాను. ఒక్కో భాగాన్ని పట్టుకుని, "ఇది ఆగిపోతే తనతోపాటు ఇంకేమి పాడుచేస్తుంది?" అని అడుగుతాను. బ్యాటరీ పోతే మీరు ఇంటి ముందు నిలబడతారు, అంతే. లింకు రాడ్డు అరిగితే చప్పుడు చేస్తుంది, అది మొదట్లోనే మార్చడం మంచిదే కాని ఇంజిన్‌కు ముప్పు లేదు. టైమింగ్ బెల్టు తెగితే కథ వేరు. చాలా ఇంజిన్లలో వాల్వులు, పిస్టన్లు ఒకే చోటులోకి వంతులవారీగా వచ్చి పోతుంటాయి. ఆ వంతు తప్పకుండా చూసేది బెల్టే. నడుస్తుండగా అది తెగితే పిస్టన్లు వచ్చి తెరిచి ఉన్న వాల్వులను గుద్దుతాయి, వాల్వులు వంగుతాయి, ఇంజిన్ పై భాగమైన హెడ్డు విప్పాలి. బెల్టు మార్పించే ఖర్చుకు అది ఎన్నో రెట్లు.

చాలా బెల్టులకు గడువు లక్ష కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. కిలోమీటర్లతోపాటు ఏళ్ల గడువు కూడా ఉంటుంది, ఏది ముందు వస్తే అది. మీ ఇంజిన్‌కు ఎంతో యజమాని పుస్తకంలో చూడండి. ఎప్పుడు మార్చారో రుజువు లేకపోతే మార్చలేదనే అనుకోవాలి. మీ పట్టీలో మొదటి పని అదే.

చైనుబండి
నా సెడాన్‌లో బెల్టు కాదు, చైను. ఈ బాధ లేదని సంతోషంగా ఉంది.

గ్రీజుచేతులు
చైనుబండి గారూ, ఆయిల్ వేళకు మార్పిస్తున్నంత కాలం ఆ సంతోషం నిలుస్తుంది. చైను కూడా అరిగి సాగుతుంది, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ చాలా బళ్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది. పొద్దున చల్లని ఇంజిన్ స్టార్టు చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమని చప్పుడు వస్తే ఆలస్యం చేయకండి. చైను మార్చే కూలీ బెల్టు కంటే ఎక్కువ.

చైనుబండి
రేపు పొద్దున కిటికీ అద్దం దించి వింటాను.

చల్లగాలి
తెల్లసెడాన్ గారూ, ఏసీ కంప్రెసర్ దగ్గర కాస్త ఆగండి. ఆగితే చల్లదనం పోయి, కదిలితే తిరిగి రావడం ఒక్క కంప్రెసర్ లక్షణమే కాదు. కంప్రెసర్ బలహీనపడినా ఇలా జరగవచ్చు, కాని ముందు చూడాల్సింది వేరే ఉంది. మీ మాట చదివితే ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ మీదికి గాలి అందడం లేదనిపిస్తోంది. బండి కదిలితే ఎదురుగాలి ఆ పని చేస్తుంది. ఆగితే రేడియేటర్ ఫ్యాను చేయాలి.

ఇంజిన్ స్టార్టు చేసి, ఏసీ వేసి, బానెట్ ఎత్తి చూడండి. చాలా బళ్లలో ఏసీ వేసిన కొద్ది సేపట్లోనే ఫ్యాను తిరగాలి. చేతులు, వదులు బట్టలు దూరంగా ఉంచండి. ఇంకో ప్రశ్న: ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఉష్ణోగ్రత ముల్లు కొంచెమైనా పైకి పోతుందా?

తెల్లసెడాన్
పోతుంది! సగం గీత దాటి కాస్త పైకి వెళ్లి, ఉన్నట్టుండి పెద్ద హోరుతో ఫ్యాను తిరిగి కిందికి వస్తుంది. పాత బండి కదా, మామూలే అనుకున్నాను. సాయంత్రం మీరు చెప్పినట్టు ఏసీ వేసి చూస్తాను.

తుప్పుపట్టి గారూ, కింద చూశాను. సైలెన్సర్ మీద, కొన్ని బోల్టుల మీద పైపై తుప్పు తప్ప బాడీ గట్టిగానే ఉంది. జాకీ చోట్లు కూడా.

తుప్పుపట్టి
అయితే నా ఓటు ఉంచుకోవడానికే.

పొగగొట్టం
ముల్లు సగం దాటుతోందంటే ముందు దాని సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. ఈ కాలపు ఇంజిన్ హెడ్లు అల్యూమినియంవి. ఒక్కసారి బాగా వేడెక్కితే వంగుతాయి, హెడ్డు కింద లీకు రాకుండా అడ్డుకునే హెడ్ గ్యాస్కెట్ పోతుంది. మా అన్నయ్య ముల్లు ఎర్ర గీతలో ఉండగా "ఇంకొంచెం దూరమే కదా" అని నడిపాడు. ఆ కొంచెం దూరానికి ఇంజిన్ బలైంది.

వెనకసీటు
మేస్త్రీలు అందరూ అంతే, ఫ్యాను పాడైతే కంప్రెసర్ అమ్ముతారు.

గ్రీజుచేతులు
అందరూ అనకండి. ఏసీ పనిలో గేజీలు పెట్టి ఒత్తిడి చూడకుండా కంప్రెసర్ రాసినవారిది తొందరపాటు, నేను ఒప్పుకుంటాను. చల్లగాలి గారు చెప్పింది సరైన దారి. ఫ్యాను తక్కువ వేగం పోయి ఎక్కువ వేగం మాత్రమే మిగిలినప్పుడు సరిగ్గా ఇలాగే ఉంటుంది. చాలా పాత సెడాన్లలో తక్కువ వేగానికి, కరెంటును తగ్గించే ఒక రెసిస్టర్ గుండా కరెంటు పోతుంది. అది మాడిపోతే ఏసీ వేసినా ఫ్యాను కదలదు. ఇంజిన్ వేడెక్కి కంప్యూటర్ ఎక్కువ వేగం అడిగినప్పుడే హోరుమని తిరుగుతుంది.

లెక్కలమనిషి
అందరూ ఎక్కడెక్కడి నుంచో రాస్తున్నాం, ఒకరి ఊరి రేట్లు ఇంకొకరికి పనికిరావు. నా మూడు పాత కార్ల బిల్లులన్నీ దాచిపెట్టాను. ఫిల్టరు, కూలీతో కలిపి ఒక మామూలు ఆయిల్ మార్పును ఒకటిగా లెక్కవేస్తే నాకు పడింది ఇది: లింకు రాడ్ల జత ఒకటిన్నర. లోయర్ ఆర్ముల జత నాలుగు. మౌంటింగులు రెండూ మూడు. నాలుగు షాకబ్జార్బర్లు, పై మౌంటులతో తొమ్మిది. బెల్టు, పంపు, టెన్షనర్ కలిపి ఏడు. క్లచ్ సెట్టు పది. ఏసీ కంప్రెసర్ పన్నెండు. హెడ్ గ్యాస్కెట్, హెడ్డు చదును చేయించడంతో కలిపి పద్దెనిమిది.

అమ్మేయమన్న నా మాట ఇంకా వెనక్కి తీసుకోలేదు. కాని కంప్రెసర్, బ్యాటరీ, షాకబ్జార్బర్లు పట్టీలోంచి పోతే లెక్క మారుతుంది.

రాత్రిషిఫ్టు
ఇకపై ఖర్చులన్నీ ఆయిల్ మార్పుల్లోనే చెప్పుకుందాం. నా టైర్లు ఈ ఏడాది ఎనిమిది ఆయిల్ మార్పులు తిన్నాయి.

సున్నితపుస్టీరింగు
లెక్కలమనిషి గారి వరుస బాగుంది కాని కూలీ ఎక్కువగా ఉండే చోట ఇది నిలవదు. లింకు రాడ్డు మార్చడానికి కొద్ది నిమిషాలు, బెల్టుకు నాలుగైదు గంటలు. కూలీ రెట్టింపైతే లింకు రాడ్డు పెద్దగా కదలదు, బెల్టు లెక్క ఎగిరిపోతుంది. అందుకే అంచనా తీసుకునేటప్పుడు సామాను ఎంత, గంటలు ఎన్ని అని విడివిడిగా రాయించుకోవాలి.

ఈ మాట గంటల దాకా వచ్చింది కనుక చెబుతున్నాను. నా బండిలో లోపలి గాలిని చల్లబరిచే ఏసీ ఎవాపరేటర్ లీకైంది. ఆ భాగం ధర తక్కువే. అది ఉన్నది డాష్‌బోర్డు వెనుక. స్టీరింగు, డాష్‌బోర్డు అంతా ఊడదీస్తే కాని చేయి వెళ్లదు. సామానుకు మూడు రెట్లు కూలీ కట్టాను.

నిదానం
ఇందుకే ఒకే చోట విప్పే పనులను జత చేయాలి. బెల్టు విప్పినప్పుడు పంపు, టెన్షనర్, ఐడ్లర్, క్యామ్, క్రాంక్ సీళ్లు. గేరుబాక్సు దించినప్పుడు క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజు బేరింగు, క్రాంకు వెనుక సీలు. "అన్నీ ఒకేసారి" అన్న మాట ఈ జతల వరకు నిజం. షాకబ్జార్బర్లకూ బెల్టుకూ ఏ సంబంధమూ లేదు, వాటిని ఒకేరోజు చేయించడంవల్ల కలిసివచ్చేది ఏమీ లేదు.

తెల్లసెడాన్
చూశాను. ఏసీ వేసి ఐదు నిమిషాలు నిలబడ్డాను, ఫ్యాను కదలలేదు. ముల్లు సగం దాటాక ఒక్కసారిగా హోరుమంది. చల్లగాలి గారూ, గ్రీజుచేతులు గారూ, మీకు నా నమస్కారం.

మల్టీమీటరు అరువు తెచ్చి బ్యాటరీ కూడా చూశాను. రాత్రంతా ఆగాక 12.4 వోల్టులు, ఇంజిన్ నడుస్తుండగా 14.2. ఇది మంచిదేనా?

రెండుతీగలు
పూర్తి చార్జి అయితే 12.6 దగ్గర ఉండాలి. 12.4 అంటే దాదాపు ముప్పావు వంతు. నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే, బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్ బాగున్నట్టే. సెల్ఫ్ వేసేటప్పుడు వోల్టేజీ ఎంత పడుతుందో కూడా చూడండి, పదికి కింద పడకపోతే ఈ బ్యాటరీ ఇప్పుడే పారేయాల్సింది కాదు. టెర్మినళ్లు విప్పి, ఉప్పులా పేరుకున్న తెల్ల పొడి గీకి, బిగించండి. బ్యాటరీ నుంచి బాడీకి, ఇంజిన్‌కు పోయే ఎర్త్ వైర్లు కూడా చూడండి. పాత బళ్లలో సగం కరెంటు రోగాలు అక్కడే పుడతాయి.

వెనకసీటు
సగమా?

రెండుతీగలు
లెక్కపెట్టలేదు. నా చేతికి వచ్చిన వాటిలో చాలా అని చదువుకోండి.

సున్నితపుస్టీరింగు
టకటక సంగతి ఎవరూ చెప్పలేదు. చిన్న గతుకుల మీద, నెమ్మదిగా పోతున్నప్పుడు వినిపించేది చాలాసార్లు లింకు రాడ్డు. పెద్ద గుంటలో పడినప్పుడు దబ్బుమంటే చక్రాన్ని పట్టి ఉంచే లోయర్ ఆర్ము రబ్బరు బుష్షు, దాని చివరి బాల్ జాయింటు వైపు చూడాలి. బాల్ జాయింటు వదులైతే మాత్రం వాయిదా వేయకండి, అది ఊడితే చక్రం పక్కకు వాలిపోతుంది. చక్రం లేపి, పైనా కిందా పట్టుకుని ఊపించి చూడమనండి, వేరొకరు జాయింటు మీద చేయి పెట్టి కదలిక చూడాలి. షాకబ్జార్బర్లు ఆయిల్ కారుతున్నాయా? మూల మీద గట్టిగా నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి, ఊయలలాగా ఊగకూడదు. ఊగకపోయినంత మాత్రాన అవి కొత్తవని కాదు, కాని కారడం, ఊగడం రెండూ లేకపోతే నాలుగూ ఒకేసారి మార్చే తొందర లేదు.

కుడివైపు తిప్పినప్పుడు కటకట అంటే, ఇంజిన్ శక్తిని చక్రానికి చేర్చే ఎడమ యాక్సిల్ చివరి జాయింటే కావచ్చు, ఆ ఒక్కటీ పట్టీలో సరిగ్గానే రాశారు. జాయింటును కప్పే రబ్బరు బూటు చిరిగి గ్రీజు చక్రం లోపల చిమ్మి ఉంటుంది, చూడండి.

అద్దంలోముఖం
అయ్యో, బూటు! నాకు ఒక సర్వీసులో బూటు చిరిగిందని చెప్పారు. చప్పుడు లేదు కదా అని వదిలేశాను. గ్రీజు పోయింది, మట్టి చేరింది, నాలుగు నెలలకు జాయింటే అరిగింది. అప్పుడే బూటు వేయించి ఉంటే ఖర్చు నాలుగో వంతు కూడా అయ్యేది కాదు. తెల్లసెడాన్ గారూ, రెండో వైపు బూట్లు ఇప్పుడే చూపించండి, పూర్తిగా చిరగకముందే పగుళ్లు కనిపిస్తాయి.

పొగగొట్టం
బానెట్ ఎత్తారు కనుక కూలెంట్ డబ్బాలో మట్టం ఎంత ఉందో కూడా చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మూత తీయాలి.

తెల్లసెడాన్
మట్టం చూడగానే గుండె జారింది. కొన్న వారానికి పై గీత దాకా పోయించాను. ఇప్పుడు కింది గీత కంటే రెండు వేళ్లు కిందికి ఉంది. బండి కింద నేల మీద చుక్క కూడా లేదు. మరి నీళ్లు ఎక్కడికి పోతున్నాయి? హెడ్ గ్యాస్కెట్ అయితే పద్దెనిమిది ఆయిల్ మార్పులు, నా వల్ల కాదు.

లెక్కలమనిషి
హెడ్ గ్యాస్కెట్ అయితే మాత్రం నా మొదటి మాటే. ఇక ఖర్చు పెట్టకండి.

గ్రీజుచేతులు
తొందరపడకండి. పరీక్షలు ఉన్నాయి, వాటి ఖర్చు ఒక ఆయిల్ మార్పు కంటే తక్కువ.

మొదటిది, ఆయిల్ మూత లోపల మీగడలాంటి తెల్లటి జిగురు ఉందా చూడండి. కొద్దిగా ఉంటే చల్లని కాలంలో దగ్గర దూరాలు నడిపినా వస్తుంది, దానితోనే తేల్చవద్దు. ఆయిల్ కడ్డీ మీద కూడా అదే రంగు ఉంటే భయపడాలి. రెండోది, ఇంజిన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తీపి వాసనతో తెల్లటి పొగ ఆగకుండా వస్తోందా? మూడోది అసలైనది. రేడియేటర్ మెడ మీద గొట్టం పెట్టి, అందులో నీలం ద్రవం పోసి, కూలెంట్ మీది గాలిని దాని గుండా లాగుతారు. మండిన గ్యాసు కూలెంట్‌లోకి వస్తుంటే ద్రవం పసుపు రంగుకు తిరుగుతుంది. నీలంగానే ఉంటే గ్యాస్కెట్ మీది అనుమానం చాలా తగ్గుతుంది.

నాలుగోది, ఇంజిన్ చల్లగా ఉండగా చేతి పంపుతో కూలెంట్ వ్యవస్థలో ఒత్తిడి ఎక్కించి వదిలేస్తారు. రేడియేటర్ మూత ఎంత ఒత్తిడి పడుతుందో దాని మీదే రాసి ఉంటుంది, అంతే ఎక్కించాలి. నడిచేటప్పుడు వేడి మీద కారి అక్కడే ఆవిరైపోయే లీకు నేల మీద కనిపించదు, ఇలా చేస్తే బయటపడుతుంది. మూతను కూడా అదే పంపుతో పరీక్షించమనండి. మూత బలహీనమైతే ఒత్తిడి నిలవదు, ఒత్తిడి లేకపోతే కూలెంట్ తక్కువ వేడికే మరుగుతుంది.

పట్టీలో వాటర్ పంపు ఎందుకు రాశారో కూడా అడగండి. పంపు ఒంటి మీద చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే అక్కడి నుంచి చెమ్మ వచ్చి, ఎండి రంగు మరక కడుతుంది. వారు దాన్ని చూసే రాసి ఉండవచ్చు.

పొగగొట్టం
అంతవరకు నీళ్లు మాత్రమే పోసి నడపకండి. కూలెంట్‌లో తుప్పు పట్టనివ్వని మందు ఉంటుంది. రంగు ఒకటే కదా అని వేరే రకం కలపవద్దు, రంగును బట్టి రకం తెలియదు. పుస్తకంలో రాసిన రకమే పోయండి.

మూడోగేరు
మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా పదకొండేళ్ల సెడాన్‌లో ఇంజిన్ దీపం వెలిగింది. స్కానర్ పెడితే పీ 0420 అనే సంకేతం వచ్చింది. సైలెన్సర్ గొట్టంలో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ మార్చాలంటున్నారు. పెద్ద ఖర్చు.

అద్దంలోముఖం
మార్చకండి, ఇంకా. ఆ సంకేతం కన్వర్టర్ సామర్థ్యం తక్కువగా కనిపిస్తోందని మాత్రమే చెబుతుంది, ఎందుకో చెప్పదు. నేను కన్వర్టర్ మార్పించిన పదిహేను రోజులకు దీపం మళ్లీ వెలిగింది. తర్వాత చూస్తే సెన్సార్‌కు ముందు పొగగొట్టం అతుకు దగ్గర సన్నని పగులు. అక్కడి నుంచి గాలి లోపలికి పోయి సెన్సార్‌ను తప్పుదారి పట్టించింది. ముందు లీకు, తర్వాత సెన్సార్లు, ఆ తర్వాతే కన్వర్టర్. ఇంజిన్ మిస్ అవుతోందా, అంటే ఏదైనా సిలిండర్‌లో పెట్రోలు కాలకుండా పోతోందా? కాలని పెట్రోలు కన్వర్టర్‌లోకి వెళ్లి దాన్ని కాల్చేస్తుంది. మిస్ సరిచేయకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది.

రెండుతీగలు
మిస్ మాట వచ్చింది కనుక: పీ 0302 వస్తే మిస్ అవుతున్నది రెండో సిలిండర్. ప్లగ్గుకు కరెంటు ఇచ్చే రెండో కాయిల్ తీసి మూడో దానిలో పెట్టండి, మూడోది రెండులో. సంకేతం చెరిపి నడపండి. సంకేతం పీ 0303గా మారితే కాయిల్ దోషం. మారకపోతే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ వైపు వెళ్లాలి. ఒక్క పైసా ఖర్చు లేని పరీక్ష. నాలుగు కాయిళ్లూ మార్చేయమన్నచోట నేను ఇలా ఒక్కదానితో బయటపడ్డాను.

మూడోగేరు
మిస్ లేదు. పొగగొట్టం అతుకులు చూపిస్తాను. చాలా థాంక్స్.

రాత్రిషిఫ్టు
తెల్లసెడాన్ గారి కబురు లేదు. నాలుగు రోజులైంది, నాకే ఆందోళనగా ఉంది.

తెల్లసెడాన్
ఉన్నాను. వేరే గ్యారేజీలో పరీక్షలు చేయించాను. నీలం ద్రవం నీలంగానే ఉంది! పది నిమిషాలు ఇంజిన్ తిప్పినా రంగు మారలేదు. ఆయిల్ మూత శుభ్రంగా ఉంది. ఒత్తిడి ఎక్కించి ఇరవై నిమిషాలు వదిలితే ముల్లు మెల్లగా దిగింది. బెల్టు కవరు పైభాగం తీసి దీపం వేసి చూపించారు. పంపు రంధ్రం దగ్గర గులాబీ మరక, దాని మీద తాజా చెమ్మ. మొదటి గ్యారేజీవారు పంపు రాయడం సరైనదే. నేను వారిని అనుమానించాను, తప్పు నాదే.

ఫ్యాను రెసిస్టర్ కూడా విప్పి చూపించారు, మాడి నల్లబడింది.

గ్రీజుచేతులు
పంపు లీకు, బెల్టు, రెండూ ఒకే కవరు వెనుక. కూలెంట్ తగిలిన బెల్టును మళ్లీ వాడకూడదు. పంపు, బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ కలిపి ఒకే సెట్టుగా తెచ్చుకోండి. సీళ్లు కూడా.

నిదానం
సెట్టు కొనేటప్పుడు కారు కంపెనీ పెట్టె మీదే పట్టుబట్టనక్కర్లేదు. కారు తయారీదారుకు బెల్టులు, బేరింగులు చేసిచ్చే సంస్థలే తమ పేరుతోనూ అమ్ముతాయి, తక్కువ ధరకు.

సున్నితపుస్టీరింగు
దీనితో నేను సగమే ఏకీభవిస్తాను. ఆ సంస్థల పేరుతో నకిలీలు కూడా చాలా తిరుగుతున్నాయి. లింకు రాడ్డు నకిలీదైతే ఆరు నెలలకు చప్పుడు చేస్తుంది, మళ్లీ వేయించుకోవచ్చు. బెల్టు నకిలీదైతే ఇంజినే పోతుంది. బెల్టు, బ్రేకులు, బాల్ జాయింట్లు, ఈ మూడూ నమ్మకమైన చోట బిల్లుతోనే కొంటాను.

నిదానం
బిల్లుతో కొనాలన్నది నిజం. ఒప్పుకుంటున్నాను.

అద్దంలోముఖం
బ్రేకుల మాట వచ్చింది కనుక, సర్వీసు పుస్తకం లేని బండిలో బ్రేకు ఆయిల్ కూడా మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. పొడవైన దిగుడులో బ్రేకు మీద కాలు పెట్టి దిగేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. ఖర్చు ఒక ఆయిల్ మార్పు కంటే తక్కువ.

రాత్రిషిఫ్టు
టైర్ల తేదీ కూడా. పక్క గోడ మీద నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. నా టైర్ల గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, తేదీ చూస్తే పదకొండేళ్లు. అందుకే ఆ ఎనిమిది ఆయిల్ మార్పులు.

తెల్లసెడాన్
పని పూర్తయింది. బెల్టు సెట్టు, పంపు, సీళ్లు, కొత్త కూలెంట్, ఫ్యాను రెసిస్టర్, లింకు రాడ్లు, బ్రేకు ఆయిల్. పాత బెల్టు అడిగి ఇంటికి తెచ్చాను. దాని మీది అక్షరాలు చెరిగిపోయాయి, వంచితే పళ్ల మొదట్లో సన్నని పగుళ్లు వరుసగా కనిపిస్తున్నాయి. ఇంటిల్లిపాదీ ఈ మూడు నెలలూ దీని మీద ఆధారపడి తిరిగామా అని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను.

ట్రాఫిక్‌లో అరగంట నిలబెట్టి చూశాను. ముల్లు సగం దగ్గర కదలలేదు, ఏసీ చల్లగా ఉంది. టకటక పోయింది. లోయర్ ఆర్ములు లేపి చూశారు, బాల్ జాయింట్లు బిగువుగా ఉన్నాయి, బుష్షుల్లో పగుళ్లు మాత్రం ఉన్నాయి. అవి, యాక్సిల్, వాల్వ్ కవర్ గ్యాస్కెట్ మూడు నెలల తర్వాత. మౌంటింగులు ఆ తర్వాత. కంప్రెసర్, షాకబ్జార్బర్లు, బ్యాటరీ ప్రస్తుతం కొట్టేశాం. అయిన ఖర్చు మొదటి పట్టీలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ.

గ్రీజుచేతులు
వాల్వ్ కవర్ గ్యాస్కెట్‌ను మాత్రం ముందుకు జరపండి. ప్లగ్గుల బావుల్లోకి ఆయిల్ దిగితే కాయిళ్లు పాడవుతాయి. ఒక కాయిల్ పైకి లాగి చూడండి, చివర తడిగా ఉంటే ఈ నెలే చేయించండి. బెల్టు మార్చిన తేదీ, కిలోమీటర్లు ఒక చీటీ మీద రాసి బానెట్ కింద అతికించండి.

లెక్కలమనిషి
మొత్తం ఎన్ని ఆయిల్ మార్పులు?

తెల్లసెడాన్
పదకొండు. చీటీ అతికించాను. కాయిల్ రేపు పొద్దున, ఇంజిన్ చల్లగా ఉండగా లాగి చూసి ఇక్కడే రాస్తాను.

చైనుబండి
నేను మూడు రోజులుగా పొద్దున అద్దం దించి వింటున్నాను. రెండు సెకన్ల గలగల ఉంది. కొత్త చర్చ మొదలుపెడుతున్నాను, దయచేసి అక్కడికి రండి.